పువ్వు గుర్తు

కెమెరా చక్రం మీద ఐదు గుర్తులు.
పరిగెత్తే మనిషి, కొండ, చంద్రుడు, టోపీ పెట్టుకున్న ఆడమనిషి మొహం,
చివర్న ఒక చిన్న పువ్వు.
పదకొండేళ్ళు నా వేలు మొహం దగ్గరే ఆగిపోయింది.
పర్లాకిమిడిలో, బస్టాండు వెనక సందులో స్టూడియో.
గడ్డం ఎత్తండి. చెవులు కనపడాలి. కదలకండి.
ముప్పై రూపాయలకి ఎనిమిది కాపీలు.

ఆరుద్ర కార్తె రెండో రోజు కరెంటు పోయింది.
వాన అప్పుడే వెలిసింది.
ఎదురింటి మహారాణా గారి మనవరాలు లిపి
రెండు చేతులూ దొప్పలా పట్టుకుని
చెప్పులు లేకుండా వచ్చింది.
"దేఖ, సాధబ బొహూ!"

ఎర్రటి పురుగు. మా అమ్మ దాన్ని ఆరుద్ర అనేది,
అగ్గిపెట్టెలో గడ్డి పరిచి దాచుకోనిచ్చేది ఒక్క పూట.
లిపి వాళ్ళ భాషలో అది ఓడవ్యాపారి ఇంటి కోడలు,
పట్టుచీర కట్టుకుని వాన చూడ్డానికి వచ్చిందట.
మా పేర్లు రెండూ వినకుండా
అది బొటనవేలు ఎక్కి అవతలికి దిగింది.

అప్పుడు తిప్పాను చక్రాన్ని, పువ్వు దాకా.

మొదటి ఫోటోలో ఎర్ర మరక.
రెండోదాంట్లో లిపి చేతిగీతలు బ్రహ్మాండంగా పడ్డాయి, పురుగు పడలేదు.
మూడోదానికి నా నీడే అడ్డం.

దగ్గరికి వెళ్ళడం నాకు వచ్చనుకున్నాను.
ఆవగింజంత జరిగితే ఇక్కడ ఊరే మారిపోతుంది.
తల దొరికితే కాళ్ళు పొగమంచులో కలుస్తాయి,
కాళ్ళు దొరికేసరికి తల లేదు.
నా ఊపిరి దానికి గాలివాన.
పాలప్యాకెట్టు కడిగి, కత్తిరించి, ఫ్లాష్ మీద కట్టాను
వెలుగు కాస్త మెత్తబడుతుందని.
మోచేతులు బురదలో దించాను.
కదలకండి, కదలకండి అని ఊరందరికీ చెప్పిన నోరు
నాకే చెప్పుకుంది.

నలభై ఏడోది కుదిరింది.

ఎనిమిది కాళ్ళు! పుట్టి బుద్ధెరిగి ఆరే అనుకున్నాను.
మఖమల్ అనుకున్నదంతా వెంట్రుకలు,
దేనికదే విడివిడిగా, కోతకొచ్చిన చేనులా ఒకవైపు వాలి.
ఒకదాని కొసన నీటిచుక్క.
చుక్కలో తెల్లటి గీత
ఏమిటా అని పెద్దది చేసి చూస్తే,
నా పాలప్యాకెట్టు.

మహారాణా తాతది కొమ్ముపని.
గేదెకొమ్ముని సెగన కాచి వంచి
రొయ్యకి మీసం తీసేవాడు, ఊదితే వణికేటంత సన్నగా.
కంట్లో పొర వచ్చాక మీసాలు మానేశాడు.
దువ్వెనలు కోస్తున్నాడు ఇప్పుడు.
కెమెరా చేతికిచ్చాను. తెరని ముక్కుకి ఆనించుకున్నాడు.
బాగుందనలేదు.
చాలాసేపటికి, నా కోసం తెలుగులో,
"కాలికి ఎన్ని కణుపులు?" అన్నాడు.

లెక్కపెట్టాం. ఆయన ఒడియాలో, నేను తెలుగులో, లిపి వేళ్ళ మీద.
నాకు ఆరు వచ్చాయి, ఆయనకి ఐదు.
లిపికి ఒకసారి ఏడు, ఒకసారి నాలుగు.
అసలుదాన్నే అడుగుదామని చూస్తే
గట్టు పక్కన తడిమట్టి, చిన్న బెజ్జం.
తాత గోరుతో గాలిలో ఒక వంపు గీశాడు,
తుడిపేశాడు, మళ్ళీ గీశాడు.

దీపాల వేళకి కరెంటు వచ్చింది.
పింఛను కాగితాలకి ఫోటో కావాలని గొర్లె అప్పలసూరి వచ్చాడు.
ఆయన్ని ఇంతకుముందు నాలుగుసార్లు తీశాను.
గడ్డం ఎత్తండి, అన్నాను.
ఎత్తాడు.
ఎందుకో రెండడుగులు ముందుకి వేశాను.
ఎడమ కనుబొమ్మలో పాత కుట్ల మచ్చ,
మచ్చ దాటి వెంట్రుకలు దారి తప్పి మొలిచాయి.
ఇంకో అడుగు.
ఆయన కుర్చీలో వెనక్కి ఒరిగిపోయి
"ఏటండీ బాబూ, మీద పడిపోతన్నారు?
చెవులు కనిపిస్తే సాలదేటి?"